కప్పుకి ఎన్ని గ్రాములు? నాలుగు వారాల కొలతల చిట్టా

మొదటి వారం: ధాన్యం జోలికి పోకుండా ముందు కప్పుల సంగతి తేల్చాను. కాటా మీద ఖాళీ కప్పు పెట్టి, సున్నా చేసి, అంచుదాకా నీళ్లు పోశాను. మిల్లీలీటరు నీళ్లు గ్రాము తూగుతాయి కాబట్టి కాటా చూపించే అంకే కప్పు పరిమాణం. నా మూడు కప్పులూ 238, 251, 180 చూపించాయి. మొదటిది అమెరికా కప్పు (అసలు లెక్క 237కి కాస్త తక్కువ), రెండోది మెట్రిక్ కప్పు (250). మూడోది రైస్ కుక్కర్‌తో వచ్చింది. అది జపాన్ కొలత, 180 ఉండడమే సరి. ఇన్నాళ్లూ దాంతోనే పిండి కొలిచి, వంటకం కుదరనప్పుడల్లా రెసిపీని తిట్టుకున్నాను.

రెండో వారం: బియ్యం. మెట్రిక్ కప్పు నింపి, చాకు వీపుతో అంచుకు సమంగా గీసి, పదిసార్లు తూచాను. 198కి తగ్గలేదు, 206 దాటలేదు. కప్పుని బల్ల మీద నాలుగుసార్లు తడితే మాత్రం గింజలు సర్దుకుని 215 దాకా పట్టాయి. బియ్యపు గింజ నీళ్లకంటే బరువైనదే, నీళ్లలో వేస్తే మునుగుతుంది. అయినా కప్పు బియ్యం కప్పు నీళ్లకంటే తేలిక. కారణం గింజల మధ్య గాలి. కప్పులో దాదాపు నలభై శాతం అదే.

ఓట్స్ అటుకుల్లో గాలి ఇంకా ఎక్కువ. అదే కప్పుకి 95 గ్రాములు, అంటే బియ్యంలో సగం కూడా లేదు. ధాన్యం వ్యాపారులకి ఇది పాత సంగతే. అమెరికాలో బుషెల్ (ధాన్యాన్ని పరిమాణంతో కొలిచే పాత కొలత) గోధుమలంటే 60 పౌండ్లు, బుషెల్ ఓట్స్ అంటే 32 పౌండ్లు. పొట్టుతో ఉన్న ఓట్స్‌కే అంత తేడా ఉంటే, నలగ్గొట్టిన అటుకుల సంగతి చెప్పాలా!

మూడో వారం: గోధుమ పిండి. ఇక్కడే తల తిరిగింది. అదే మెట్రిక్ కప్పు, అదే డబ్బాలోని పిండి. జల్లించి వేస్తే 112. చెంచాతో వదులుగా నింపితే 130. కప్పునే డబ్బాలో ముంచి తీస్తే 155. ముంచే చేతికీ జల్లించే చేతికీ మధ్య 43 గ్రాముల తేడా వస్తే, కప్పుకి ఇన్ని గ్రాములని పట్టికల్లో రాసే ఆ ఒక్క అంకె ఎవరి చేతిది? అందుకే నా పుస్తకంలో పిండికి మూడు గళ్లు గీశాను. బియ్యం, క్వినోవా, బార్లీ లాంటి గింజలకి ఒక్క గడే చాలు, వాటిని కప్పుతోనే కొలుస్తున్నాను. పిండి మాత్రం ఇకనుంచి కాటా మీదే.

నాలుగో వారం: లెక్క సులువు చేసుకున్నాను. ఒక్కో ధాన్యానికీ మిల్లీలీటరుకి ఎన్ని గ్రాములో రాసిపెట్టుకుంటే ఏ కప్పుకైనా గుణించుకోవచ్చు. నా తూకాల ప్రకారం బియ్యం 0.8, క్వినోవా 0.73, వదులు పిండి 0.52, ఓట్స్ 0.38. కుక్కర్ కప్పుకి బియ్యం 180 × 0.8 = 144 రావాలి. తూస్తే 146. పర్లేదు.

ఈస్ట్ దగ్గర మాత్రం దెబ్బతిన్నాను. చిటికెడు చిటికెడుగా వేస్తుంటే నా కాటా కదల్లేదు. సున్నా దగ్గర చిన్నచిన్న మార్పుల్ని కొన్ని కాటాలు తమ పొరపాటే అనుకుని మళ్లీ సున్నా చేసేస్తాయట. ఇప్పుడు ఈస్ట్ డబ్బానే కాటా మీద పెట్టి సున్నా చేసి, అందులోంచి చెంచాతో ఒకేసారి తీస్తున్నాను. మైనస్‌లో ఎంత చూపిస్తే అంత తీసినట్టు.

బార్లీ అంకె ఇంకా రాయలేదు. రెండుసార్లు తూస్తే రెండు రకాలుగా వచ్చింది, కప్పు తడిగా ఉందేమో చూడాలి.