డ్రమ్ము చుట్టూ ఒక చలికాలం: టెలిస్కోప్ అద్దం అరగదీసిన నా అనుభవం

పెరట్లో ఇసుక నింపిన పాత డ్రమ్ము ఒకటి ఉండేది. 2020 చలికాలమంతా నేను దాని చుట్టూ తిరిగాను. డ్రమ్ము మీద గుండ్రటి పలక, పలక మీద గాజుబిళ్ళ, రెండిటి మధ్య తడిపిన కార్బోరండం పొడి, అంటే గాజును అరగదీసే గరుకు పొడి. ఆరేడు సార్లు ముందుకీ వెనక్కీ తొయ్యాలి, గాజును చేతుల్లో కొంచెం తిప్పాలి, ఒక అడుగు పక్కకు జరగాలి, మళ్ళీ తొయ్యాలి. ఇంత మాత్రానికే టెలిస్కోప్‌కి అద్దం తయారవుతుందని ఎవరైనా చెప్పి ఉంటే అంతకుముందు నేను నమ్మేవాణ్ణి కాదు.

ఆ ఏడాది మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారిగా ప్రకటించింది. వేసవి ఎలాగో గడిచిపోయింది. ఊళ్ళో ఉండేవాళ్ళకి ఆరుబయట చోటుంటుంది కాబట్టి చెట్టు కింద దూరం దూరంగా కూర్చుని అయినా మాట్లాడుకున్నాం. చలి మొదలయ్యాక అదీ పోయింది. చీకటి త్వరగా పడుతుంది, అందరూ తలుపులు మూసుకుని లోపల కూర్చుంటారు. జబ్బు కాలంలో చెయ్యకూడనిది సరిగ్గా అదే. పగలు పిల్లల క్లాసులు ఫోన్లో, అదీ మేడ మీద సిగ్నల్ దొరికే మూలలో. రాత్రయితే ఎవరింట్లో ఎవరికి జ్వరమొచ్చిందన్న వార్తలు. మనసు ఎటూ నిలిచేది కాదు.

డిసెంబరు 21 సాయంత్రం గురుడు, శని ఆకాశంలో ఒక డిగ్రీలో పదో వంతు దూరానికి వస్తాయని అక్టోబరులో చదివాను. ఈ రెండూ దాదాపు 20 ఏళ్ళకోసారి కలుసుకుంటాయి కానీ ఇంత దగ్గరగా రావడం 1623 తర్వాత ఇదే. అప్పుడు కూడా సూర్యుడికి మరీ దగ్గరగా ఉండడంతో చూడడం కష్టమైంది. తేలిగ్గా కనిపించిన సందర్భం కావాలంటే 1226 దాకా వెనక్కి వెళ్ళాలి. ఇంతటి దగ్గరతనం మళ్ళీ 2080 మార్చిలో వస్తుంది. నేను ఉండను, మా అమ్మాయి ఉండవచ్చు. 2020లో దానికి పదకొండేళ్ళు. "మనమే టెలిస్కోప్ చేద్దాం నాన్నా" అంది. సరే అన్నాను.

150 మిల్లీమీటర్ల వెడల్పు, 25 మిల్లీమీటర్ల మందం ఉన్న గాజుబిళ్ళ తెప్పించాను. నాభ్యంతరం, అంటే దూరం నుంచి వచ్చిన వెలుగును అద్దం ఒక చోట చేర్చే దూరం, 1200 మిల్లీమీటర్లు పెట్టుకున్నాను. ఈ కొలతకి ఒక సౌలభ్యం ఉంది. టెలిస్కోప్ అద్దం నిజానికి పరావలయం, అంటే గోళం కంటే మధ్యలో కాస్త లోతెక్కువ ఉండే వంపు, కావాలి. కానీ వెడల్పుకి ఎనిమిది రెట్లు నాభ్యంతరం ఉన్న ఇంత చిన్న అద్దం గోళాకారంలో ఉన్నా దాదాపు సరిపోతుంది. గోళాకారం చేతికి దానంతట అదే వస్తుంది. ఎటు తోసినా, ఎటు తిప్పినా ఒకదానికొకటి పూర్తిగా ఆనుకుని ఉండే రెండు ఉపరితలాలు గోళపు ముక్కలే కావాలి. అందుకే అచ్చు, యంత్రం ఏవీ అక్కర్లేదు. పైనున్న గాజు గుంట పడుతుంది, కిందిది ఉబ్బుతుంది. నాకు కావలసిన గుంట లోతు మధ్యలో 1.17 మిల్లీమీటర్లు, అంతే.

కింద పలకకి ఇంకో గాజు కొనలేదు. ప్లాస్టర్‌తో గుండ్రటి దిమ్మె పోసి, దాని మీద గచ్చు టైల్స్ ముక్కలు అతికించాను. ముక్కలు మేస్త్రీ ఇచ్చాడు. ఆయన సంచి గోడ మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి వెళ్ళాక నేను వెళ్ళి తీసుకున్నాను. ఆ చలికాలంలో ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ ఆ గోడ మీదే జరిగాయి. వడ్రంగి బాబాయ్ చెక్క పెట్టె చేసి అక్కడే పెట్టాడు. వెనక వీధి వాళ్ళు బోరు వేయించినప్పుడు మిగిలిన లావుపాటి ప్లాస్టిక్ పైపు ముక్క పెట్టారు. ఆ పైపే టెలిస్కోప్ గొట్టమైంది.

మొదటి పొడి 80 నంబరు, అన్నిటికంటే గరుకు. నంబరు పెరిగేకొద్దీ పొడి మెత్తన. చెంచాడు పొడి, కాసిని నీళ్ళు. మొదట్లో కరకరమని గట్టిగా అరుస్తుంది. రెండు మూడు నిమిషాలకు అరుపు సన్నగిల్లి బుసబుసలాడుతుంది. అంటే పొడి నలిగిపోయింది, కడిగి కొత్తది వెయ్యాలి. వారం తిరిగేసరికి కంటికి కాకపోయినా చూపుడువేలికి గుంట తెలిసింది. చలిలో ఆ డ్రమ్ము చుట్టూ గంటసేపు తిరిగితే ఒంట్లోకి వెచ్చదనం వచ్చేది. పొడి ఎప్పుడూ తడిగానే ఉండాలి. ఎండిన ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు. మాస్కు ఎలాగూ మొహం మీదే ఉంది.

గుంట సరైన లోతుకు వచ్చిందో లేదో చూడడానికి ఒక పద్ధతి ఉంది. గాజును నీళ్ళతో తడిపి ఎండలో పట్టుకుని, వెలుగును నీడలో ఉన్న గోడ మీదికి తిప్పాలి. వెలుగు మచ్చ అన్నిటికంటే చిన్నగా కనిపించిన చోటు నుంచి గాజు దాకా కొలిస్తే అదే నాభ్యంతరం. కానీ ఎండ ఉండాలిగా! నాలుగు రోజులపాటు పొద్దున పది దాటినా మంచు విడవలేదు. ఐదో రోజు కొలిస్తే 1230 వచ్చింది. ఇంకాస్త అరగదీస్తే చాలు.

ఆ రాత్రే నాకు జ్వరం. రెండు రోజులకి పరీక్షలో పాజిటివ్. పద్నాలుగు రోజులు పెరటి గదిలో ఒంటరిగా ఉన్నాను. కిటికీలోంచి చూస్తే డ్రమ్ము, దాని మీద బోర్లించిన బకెట్ కింద గాజు. భోజనం గడప దగ్గర పెట్టి వెళ్ళేవాళ్ళు. ఆక్సిజన్ ఎప్పుడూ 94 కంటే తగ్గలేదు కానీ రోజుకు నాలుగుసార్లు వేలికి ఆ క్లిప్పు పెట్టుకుని అంకె కోసం చూస్తుంటే గుండె దడదడలాడేది. నాలుగో రోజుకి వాసన పోయింది. సబ్బు వాసన లేదు, సాంబ్రాణి పొగ వాసన లేదు. నాకు అన్నిటికంటే భయం వేసింది అప్పుడే.

గదిలో ఉండగానే ఒక సంగతి చదివాను. 1665లో ప్లేగు వల్ల కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు ఐజాక్ న్యూటన్ తన సొంత ఊరు ఊల్స్‌థార్ప్ వెళ్ళిపోయాడు. వెలుగు మీద, రంగుల మీద అతను చేసిన ఆలోచనలు చాలావరకు ఆ పల్లెలో మొదలైనవే. 1668లో అద్దంతో పనిచేసే మొదటి టెలిస్కోప్ తన చేతులతోనే చేసుకున్నాడు. దాని అద్దం వెడల్పు అంగుళంన్నర కూడా లేదు. దాన్ని అతను మెరుగు పెట్టింది పిచ్ అనే జిగురుముద్ద మీద. మూడున్నర శతాబ్దాల తర్వాత నేను చెయ్యబోయేదీ అదే పని. ఆ రాత్రి ఆ గదిలో ఒంటరితనం కొంచెం తగ్గింది.

బయటికొచ్చాక మొదటి రోజు ఇరవై తోపులకే ఆయాసం. మా అమ్మాయి దూరంగా మెట్ల మీద కూర్చుని లెక్కపెట్టేది. "ఇరవై అయ్యాయి, కూర్చో నాన్నా." మర్నాడు ముప్పై, ఆపై నలభై. డిసెంబరు మొదటి వారానికి 80 నంబరు పూర్తయింది. 120, 220 త్వరగానే దాటాను. ఒక్కో నంబరులో ముందు నంబరు వదిలిన గుంటలన్నీ పోయేదాకా రుద్దాలి. భూతద్దంతో చూసి నిర్ధారించుకోవాలి. తొందరపడితే తర్వాత దొరికిపోతాం.

నేను దొరికిపోయింది 400 దగ్గర. పని సాఫీగా నడుస్తుంటే ఉన్నట్టుండి కీచుమని ఒక్క అరుపు. తీసి కడిగి చూస్తే మధ్య నుంచి అంచు దాకా తెల్లటి గీత. టైల్స్ సందుల్లో 120 నంబరు రవ్వ ఒకటి దాక్కుని ఉంది. పలకను బ్రష్షుతో కడిగాను కానీ సందులు పుల్లతో గీకి శుభ్రం చెయ్యలేదు. చేతులు వణికాయి. గీత అలాగే ఉంచినా బొమ్మ పెద్దగా పాడవదని చాలామంది రాశారు, అది నిజమే. నాకు మనసు ఒప్పలేదు. మళ్ళీ 220కి వెళ్ళాను. మూడు సాయంత్రాలు పోయాయి. ఎవరైనా ఈ పని మొదలుపెడితే నంబరు మారినప్పుడల్లా పలక సందులు, గోళ్ళు, చొక్కా చేతులు, బకెట్ అన్నీ కడగండి. వీలైతే ఆ రోజుకి పని ఆపేసి మర్నాడు వేరే బట్టల్లో మొదలుపెట్టండి.

పిచ్ అంటే పైన్ చెట్ల జిగురు నుంచి వచ్చే నల్లటి ముద్ద. చూడ్డానికి రాయిలా ఉంటుంది కానీ మెల్లగా పారుతూనే ఉంటుంది. అందుకే గాజు ఆకారాన్ని తనలోకి తీసుకుంటుంది. దాని మీద సీరియం ఆక్సైడ్ పొడి నీళ్ళతో కలిపి రుద్దితే గరుకు గాజు పారదర్శకంగా మారుతుంది. దాన్ని సన్నటి సెగ మీద ఆరుబయట కరిగించాలి. ఎక్కువ వేడెక్కితే అంటుకుంటుంది. చల్లటి గాజు మీద వేడి పిచ్ పడితే గాజు పగలవచ్చు కాబట్టి ముందుగా గాజును గోరువెచ్చటి నీళ్ళలో ఉంచాలి. నేను గిన్నె పక్కనే కూర్చున్నాను, నాకేమీ తెలియలేదు. మా అమ్మాయి మెట్ల మీద నుంచి ముక్కు మూసుకుని "అబ్బ, ఎంత ఘాటుగా ఉందో" అంది.

చలికి పిచ్ మొండికేసింది. తెల్లారేసరికి గట్టిపడి, గాజు దాని మీద అక్కడక్కడా మాత్రమే ఆనేది. రోజూ వేడినీళ్ళలో ముంచి, గాజు పెట్టి, పైన బరువు పెట్టి, ఇరవై నిమిషాలు ఆగాకే పని. ఇంట్లో వెచ్చగా ఉన్న గదికి మార్చాక దారికొచ్చింది.

ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఫూకో పరీక్ష. లియోన్ ఫూకో 1858లో చెప్పిన పద్ధతి ఇది. అద్దం ముందు 2400 మిల్లీమీటర్ల దూరంలో సన్నటి రంధ్రం నుంచి వెలుగు పంపి, తిరిగొచ్చే కిరణాలను బ్లేడు అంచుతో మెల్లగా కొయ్యాలి. అద్దం మీద నీడలు పడతాయి. గుట్టలు, పల్లాలు పక్కనుంచి ఎండ పడిన నేలలా కనిపిస్తాయి. అద్దంలో తేడా 70 నానోమీటర్ల లోపు ఉండాలి. వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు. దాన్ని టార్చి లైటు, రేకు ముక్క, గడ్డం బ్లేడుతో పల్లెటూరి గదిలో కంటితో చూడగలగడం నాకు ఇప్పటికీ అబ్బురమే. మా అమ్మాయిని అద్దం మధ్యలో బొటనవేలు ఒక నిమిషం పెట్టమన్నాను. వేలు తీశాక బ్లేడు వెనక నుంచి చూస్తే అక్కడ గుట్ట! ఆ వేలి వేడికి గాజు ఉబ్బింది. కొన్ని నిమిషాల్లో చల్లారి మాయమైంది. అది మళ్ళీ పెట్టింది, మళ్ళీ చూసింది. ఆ రాత్రి అద్దాన్ని చల్లారనివ్వకుండా ఆడుకుంది.

డిసెంబరు 20కి అద్దం అంచు దగ్గర ఇంకా సన్నటి మసక ఉంది. అల్యూమినియం పూత వేయించే సమయం లేదు. పూత లేని గాజు తన మీద పడిన వెలుగులో సుమారు 4 శాతాన్నే తిప్పికొడుతుంది. కానీ గురుడు మిలమిలలాడే గ్రహం, ఆ 4 శాతం చాలు. వెలుగును గొట్టం పక్కకి తిప్పే చిన్న వాలుటద్దం, కన్ను పెట్టి చూసే 25 మిల్లీమీటర్ల కటకం (ఐపీసు) పార్సిల్ రావలసిన దానికంటే మూడు వారాలు ఆలస్యమై ఆ రోజే చేరాయి. రాత్రి పదకొండు దాకా కూర్చుని బిగించాం.

21 సాయంత్రం. గొట్టాన్ని గంటన్నర ముందే బయటపెట్టాం, గాజు చలికి అలవాటు పడాలని. పొద్దు గుంకాక నైరుతి దిక్కున కిందుగా రెండూ మెరిశాయి. ఐపీసులో 48 రెట్లు. ఒకే గుండ్రంలో రెండు లోకాలు! చారలతో గురుడు, ఇరువైపులా ఉపగ్రహాల చుక్కలు, పక్కనే చెవులున్న గింజలా శని. మా అమ్మాయి ఏమీ మాట్లాడలేదు, నా చెయ్యి పట్టుకుంది.

ఊళ్ళో వాళ్ళకి ముందే ఫోన్లో చెప్పాం. సున్నంతో దూరం దూరంగా గుండ్రాలు గీశాం, ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో వంతు. ఒక ఇబ్బంది మేము ఊహించలేదు. మాస్కు పైనుంచి వచ్చే ఊపిరి ఐపీసుకి తగిలి గాజు మసకబారుతుంది. ముక్కు దగ్గర మాస్కు బిగించి, ఊపిరి బిగబట్టి, కన్ను తగలకుండా చూడమన్నాం. ఎదురింటి పెద్దమ్మ మామూలు కంటికి ఒక్కటే చుక్క కనపడుతోందంది. టెలిస్కోప్‌లో చూసి చాలాసేపు కదల్లేదు. "రెండున్నాయిరా. దీనికి చుట్టూ కమ్మీ కూడా ఉంది. బొమ్మ కాదు కదా?" అని అడిగింది. కాదు పెద్దమ్మా అన్నాను. గొట్టం ముందుకు వెళ్ళి తొంగి చూసి, మళ్ళీ వచ్చి చూసింది. ఏడు దాటాక పొగమంచు కమ్ముకుంది. అప్పటికి తొమ్మిది ఇళ్ళ వాళ్ళు చూశారు.

అంచు మసక పోగొట్టడానికి జనవరిలో పిచ్ మళ్ళీ కరిగించాను. గిన్నె కలుపుతుంటే ముక్కు దగ్గర ఏదో సన్నగా, కర్పూరానికీ కొయ్యపొట్టుకీ మధ్య ఉండే ఘాటు. మొదట అనుమానించాను. సెగ తగ్గించి, వంగి మళ్ళీ పీల్చాను. "వాసనొస్తోంది" అని అరిస్తే ఇంట్లోంచి అందరూ పరిగెత్తుకొచ్చారు, గిన్నె అంటుకుందనుకుని.

ఫిబ్రవరిలో అద్దానికి పూత వేయించాం. 80 నంబరు పొడి సగం డబ్బా మిగిలింది. మేస్త్రీ కొడుకు అడిగాడు, టైల్స్ పలకతో సహా గోడ మీద పెట్టాను. సందులు పుల్లతో గీకాకే పెట్టాను.