స్లైడింగ్ టేబుల్ సర్దుబాటు: ముందు బ్లేడు, తర్వాతే ఫెన్స్

అలమారా తలుపులకు ప్లైవుడ్ కోయడానికి ముందు టేబుల్ సా (బల్లకు బిగించిన గుండ్రటి రంపం) ఎడమవైపున, చెక్కను మోస్తూ ముందుకూ వెనక్కూ జరిగే స్లైడింగ్ టేబుల్‌ను సరిచేసే పని చాలావరకు పూర్తయింది. అడ్డకోత అంచున వంపు గీతలు పడి, అక్కడక్కడా చెక్క మాడుతోందంటే బ్లేడు వెనుక పళ్లు కూడా చెక్కను ఒరుసుకుంటున్నాయని అర్థం. ఇలాంటప్పుడు మూలమట్టం పెట్టి నేరుగా ఫెన్స్‌ను (కోసేటప్పుడు చెక్కను ఆనించే పట్టీని) కదపాలనిపిస్తుంది గానీ, టేబుల్ నడిచే దారి బ్లేడుకు సమాంతరంగా లేనంతకాలం ఫెన్స్‌ను ఎంత సరిచేసినా ఆ మాడు పోదు.

కొలవడానికి, బెంగళూరు పీణ్యలో లేత్ షాపు నడుపుతున్న మా బావగారు తమ డయల్ గేజ్ (సన్నటి తేడాలను ముల్లుతో చూపే కొలత పరికరం) ఇచ్చారు. దాని అయస్కాంతపు పీఠం అల్యూమినియం టేబుల్‌కు అంటుకోదు కనుక, టేబుల్ గాడిలో బోల్టుతో ఒక ఇనుప పలకను బిగించి, దానిపై గేజ్‌ను నిలిపాను. ప్లగ్గు తీసేసి, బ్లేడును పూర్తిగా పైకెత్తి, ఒక పంటి కింద మార్కరుతో చుక్క పెట్టాను. ఆ చుక్క ముందువైపు ఉన్నప్పుడు గేజ్‌ను సున్నాకు పెట్టి, బ్లేడును చేత్తో తిప్పి అదే చుక్కను వెనక్కు తెచ్చి, టేబుల్‌ను జరిపి మళ్లీ చూడాలి. రెండుచోట్లా ఒకే చుక్కను కొలిస్తే బ్లేడులో ఉన్న సొట్ట లెక్కలోకి రాదు. ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదేనని నా నమ్మకం.

220 మి.మీ. దూరంలో బ్లేడు వెనుక భాగం టేబుల్ వైపు 0.30 మి.మీ. ఒరిగి ఉంది. నాకు కావలసింది వెనుక భాగం 0.05 మి.మీ. ఎడంగా ఉండటం, అంటే మొత్తం 0.35 మి.మీ. మార్పు. టేబుల్‌ను పట్టి ఉంచే రెండు బ్రాకెట్లలో ముందుదానికీ వెనుకదానికీ మధ్య దూరం 700 మి.మీ. కాబట్టి వెనుక బ్రాకెట్‌ను బ్లేడుకు దూరంగా సుమారు 1.1 మి.మీ. జరపాలి. ముందు బోల్టులను కొద్దిగా, వెనుకవాటిని పూర్తిగా వదులుచేసి, చెక్క సుత్తితో మెల్లగా తట్టాను. బోల్టు బిగించేటప్పుడు టేబుల్ మళ్లీ కదులుతుంది. అందుకే ఒక్కో బోల్టునూ కొంచెం కొంచెంగా బిగిస్తూ ప్రతిసారీ గేజ్ చూడక తప్పదు. ఎత్తు మాత్రం త్వరగా కుదిరింది: పోత ఇనుప బల్ల కంటే 0.2 మి.మీ. పైన.

ఆ తర్వాతే ఫెన్స్ జోలికి వెళ్లాను. బెంగళూరులో వాన పట్టిందంటే టేకు పలక కూడా వెడల్పులో ఉబ్బుతుంది కనుక పరీక్షకు 12 మి.మీ. ఎం.డి.ఎఫ్. (చెక్క నారను అదిమి చేసిన పలక) ముక్క తీసుకున్నాను. ఇప్పుడే కోసిన అంచును ఫెన్స్‌కు ఆనించి తరువాతి అంచును కోస్తూ నాలుగు వైపులూ తిప్పి, అయిదో కోతలో 500 మి.మీ. పొడవు పట్టీ తీస్తే, నాలుగు మూలల తేడా అందులో కలిసి కనిపిస్తుంది. పట్టీ ఒక కొస 25.62, మరో కొస 25.14 మి.మీ. ఉన్నాయి. తేడా 0.48ని నాలుగుతో భాగిస్తే, 500 మి.మీ.కు 0.12. ఫెన్స్ తిరిగే బోల్టు నుంచి ఆపుడు స్క్రూకు 750 మి.మీ. ఉంది కనుక అక్కడ 0.18 మి.మీ. మార్పు కావాలి, ఫీలర్ గేజ్ (తెలిసిన మందం గల పలుచని రేకుల కట్ట)లోని 0.10, 0.08 రేకులను కలిపి పెట్టి స్క్రూను సరిచేశాను. మళ్లీ కోసిన పట్టీ కొసల మధ్య తేడా 0.04కు తగ్గింది, అంటే 500 మి.మీ.కు 0.01 మాత్రమే. తలుపులకు ఇది పుష్కలం.

ఇక కుడివైపు నిలువుకోత ఫెన్స్‌ను టేబుల్ నడకకు సరిచూసి, బ్లేడు వెనుక, కోసిన చీలిక మూసుకుపోకుండా ఆపే చీలిక పలకను బ్లేడు వరుసలోకి తేవాలి.