బైరాడ్స్ 0 నుంచి 3 దాకా: నా అనుభవం

మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) రిపోర్టు చివర్లో ‘బైరాడ్స్ 0’ అని ఉంది. రొమ్ము స్కాన్‌లో కనిపించిన దాన్ని బట్టి డాక్టర్లు ఇచ్చే అంకె అది. ఎడమ రొమ్ములో ఒకచోట తేడాగా ఉందని, మరిన్ని పరీక్షలు కావాలని రాశారు. ఇక ఆ రాత్రి నిద్రేం పడుతుంది!

మర్నాడు డాక్టర్‌గారు విడమరిచి చెప్పారు. 1, 2 వస్తే భయం లేదు. 4, 5 అయితే బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయాలి. 0 అంటే ఉన్న ఫొటోలతో ఏదీ తేల్చలేకపోయారని మాత్రమే. పాత మామోగ్రామ్ ఉంటే పక్కన పెట్టి పోల్చేవారు, నాకు ఇదే మొదటిది. మొదటిసారి చేయించుకున్నవాళ్లను మళ్లీ పిలవడం ఎక్కువేనట.

“నేరుగా ఎమ్మారై రాసేయండి మేడమ్” అన్నాను. పెద్ద మెషీన్ అయితే అన్నీ తేల్చేస్తుందని మనకో నమ్మకం. “ఎక్కువే కనబడుతుంది, చిక్కంతా అక్కడే” అన్నారావిడ. నరంలోకి మందు ఎక్కించి తీసే ఆ స్కాన్‌లో ప్రమాదం లేనివి కూడా తేలి, అనవసరంగా బయాప్సీల దాకా వెళ్లాల్సి వస్తుందట. రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యు మార్పు ఉన్నవాళ్లకు, క్యాన్సర్ అని తేలాక ఎంత మేర ఉందో చూడాల్సినవాళ్లకు అది బాగా పనికొస్తుంది. నాకు ముందు తెలియాల్సింది వేరే: అక్కడ నిజంగా ఏదైనా ఉందా, ఉంటే నీరా, గట్టిదా?

నా కణజాలం దట్టం, రిపోర్టులో ‘సి’ రకం. మామోగ్రామ్‌లో అదీ తెల్లగానే కనిపిస్తుంది, గడ్డా తెల్లగానే కనిపిస్తుంది. సున్నం కొట్టిన గోడ మీద సుద్దగీత వెతికినట్టే. అందుకే ఆ చోటును చిన్న పలకతో నొక్కి మళ్లీ తీశారు, 3డీ మామోగ్రామ్‌లో పొరలు పొరలుగా కూడా చూశారు. నొప్పి ఉంది, కానీ క్షణాల్లో అయిపోయింది. ఆ రోజు పౌడరు, డియోడరెంట్ వద్దన్నారు. వాటి రేణువులు ఫొటోలో కాల్షియం చుక్కల్లా పడతాయట. ఆ చుక్కలు కొన్నిసార్లు క్యాన్సర్‌కు గుర్తు కావచ్చు.

తర్వాత అల్ట్రాసౌండ్. నీటి తిత్తి కాదు, గట్టి గడ్డే. కానీ కోలగా, అంచులు నున్నగా ఉంది, బహుశా ఫైబ్రోఅడెనోమా (క్యాన్సర్ కాని గడ్డ) అన్నారు. ఇదే చాలు, మామోగ్రామ్ ఎందుకనిపించింది నాకు. సన్నని కాల్షియం చుక్కలు అల్ట్రాసౌండ్‌లో సరిగ్గా అందవట. ఒకదాని పని ఇంకోటి చేయదు.

చివరికి బైరాడ్స్ 3 ఇచ్చారు. క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు, 6 నెలలకు మళ్లీ చూడాలి. “సూదితో ఇప్పుడే తీసి చూడొచ్చు కదా?” అని అడిగాను. టెన్షన్ భరించలేకపోతే చేయొచ్చు, మత్తు ఇచ్చిన చోటే గుచ్చుతాం, తప్పేం లేదన్నారు. మా ఇంట్లో ఎవరికీ క్యాన్సర్ లేదు, గడ్డ అంచులూ బాగున్నాయి. ఆగడానికే ఒప్పుకున్నాను. అక్కకో, అమ్మకో వచ్చి ఉంటే వెంటనే చేయించుకునేదాన్నేమో.

6 నెలల స్కాన్‌లో గడ్డ పెరగలేదు. ఇలాగే మారకుండా ఉంటే రెండు మూడేళ్లలో దీన్ని 2లోకి మారుస్తారట. వెళ్లినప్పుడల్లా రిపోర్టుతో పాటు ఫొటోల సీడీ కూడా అడిగి తెచ్చుకుంటున్నాను.