గన్నేరు పీకేశాను, పిండిని మరిచాను

చిట్టి మా ఇంటికి వచ్చేనాటికి దానికి రెండు నెలలు. గోధుమ రంగు నాటు కుక్క, ఒక చెవి నిలబడితే ఇంకొకటి వాలిపోయేది. రాజమహేంద్రవరం శివార్లలో మాది పాత ఇల్లు, వెనక అయిదు సెంట్ల దొడ్డి. కడియం నర్సరీలు దగ్గరే కావడంతో అటు వెళ్లిన ప్రతిసారీ రెండు మొక్కలు తెచ్చేవాణ్ణి. దొడ్డి చిన్న అడవిలా ఉండేది.

ముందు మొక్కల పని పట్టాను. పచ్చగన్నేరు, ఎర్రగన్నేరు రెండింటిలోనూ ఆకు నుంచి గింజ దాకా గుండెను దెబ్బతీసే విషమే. గేటు పక్క కుండీలో ఈతచెట్టులా కనిపించే సైకస్ అనే అలంకార మొక్క ఉంది, అది తింటే కుక్క కాలేయం పాడవుతుంది. దాని గింజలు మరీ ప్రమాదం. గోడవార దానంతట అదే మొలిచిన ఆముదం మొక్క ఒకటి, దాని గింజలూ విషమే. అమ్మ మాత్రం గన్నేరు దగ్గర అడ్డుపడింది.

"ఇన్నేళ్లుగా శివుడికి ఆ పూలే పెడుతున్నాను. ఏ కుక్కా వచ్చి తినలేదురా."

"ఇది నా చెప్పులే తింటోంది కదమ్మా."

దానికి అమ్మ దగ్గర జవాబు లేదు. చేతులకు తొడుగులు వేసుకుని అన్నింటినీ మొదలంటా తవ్వాను. ఆ కొమ్మలను కాల్చకూడదు, పొగ కూడా హానే. ఎండినా విషం పోదు. పూడ్చిపెడితే మళ్లీ తవ్వే జీవి ఇంట్లోనే ఉంది. అందుకే గోనె సంచుల్లో కట్టి చెత్త బండికి ఇచ్చాను. ఆ చోట మందారం, మల్లె నాటాను. పని అయిపోయిందని తృప్తిగా చేతులు కడుక్కున్నాను.

మూడు నెలల తరువాత గులాబీలకు ఎరువు కావాలంటే, దుకాణంలో ఆముదం పిండి (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి) ఇచ్చారు. చెదలు కూడా రావన్నారు. ఎముకల పొడితో కలిపి ఆరు పాదుల్లో వేశాను. సాయంత్రానికి ఒక పాదు గుల్లయింది. చిట్టి మూతి నిండా గోధుమ రంగు పొడి. నవ్వుకుంటూ మూతి కడిగాను, ఇప్పటికీ ఆ నవ్వే గుర్తొస్తుంది.

తెల్లవారుజామున వాంతులు మొదలయ్యాయి. ఎనిమిదింటికి విరేచనంలో రక్తం. పశువైద్యుడు దాని నోరు చూడకముందే, "తోటలో ఏం ఎరువు వేశారు?" అని అడిగారు. ఆముదం గింజలోని విషం నూనెలోకి రాదట, గానుగ ఆడాక పిండిలోనే ఉండిపోతుంది. పైగా ఎముకల పొడి వాసన కుక్కను రమ్మని పిలుస్తుంది. విరుగుడు మందు లేదు. సెలైన్ ఎక్కించి, వాంతులు తగ్గించే మందిచ్చి కనిపెట్టుకుని ఉండటమే. మొక్కను పీకేసిన చేత్తోనే దాని పిండిని డబ్బిచ్చి కొనుక్కొచ్చాను నేను! నాలుగో రోజు చిట్టి రెండు ముద్దలు మజ్జిగన్నం తిన్నది.

ఇంటికి రాగానే ఆ పాదుల మట్టిని అడుగు లోతున తీయించేశాను. ఇప్పుడు గులాబీలకు బాగా మాగిన పశువుల ఎరువే, అదీ ఇనుప వల కంచె వెనక.

ఆ తరువాతే దొడ్డిని చిట్టి వైపు నుంచి చూడటం మొదలుపెట్టాను. గోడ వెంబడి రోజుకు పదిసార్లు అది కాపలా తిరుగుతుంది. ఆ దారిలో చేమంతి రెండుసార్లు నాటాను, రెండుసార్లూ తొక్కేసింది. మూడోసారి నేనే తగ్గి, జానెడున్నర వెడల్పు దారి వదిలేశాను. వేసవిలో అది తవ్వేది అల్లరికి కాదు, కింది మట్టి చల్లగా ఉంటుందని. మామిడి నీడలో నాలుగడుగుల గుంట తీసి ఏటి ఇసుక పోశాను. మొదటి వారం అందులో బంతి, బిస్కెట్లు దాచి అలవాటు చేశాను, సాయంత్రం నీళ్లు చల్లుతాను. పాదుల జోలికి పోవడం చాలా వరకు తగ్గింది. గరిక మాత్రం పీకడం లేదు, అప్పుడప్పుడూ చిట్టి దాన్ని కొరుక్కుంటుంది. పిడుదులు దాక్కునే గోడ పగుళ్లను సిమెంటుతో పూడ్చాను. వానాకాలం రాత్రులు గోదురు కప్పల భయం ఉంది, చిట్టి వాటిని నోట కరిస్తే నురగలు కక్కుతుంది. అందుకని ఆ రోజుల్లో టార్చి పట్టుకుని నేనూ వెంట వెళ్తాను.

మొన్న నర్సరీలో నేను మొక్కలు ఏరుతుంటే, అమ్మ ఎరువుల బస్తాల దగ్గర నిలబడి కుర్రవాణ్ణి నిలదీస్తోంది. "నాయనా, ఇందులో ఆముదం పిండి కలిపారా? సరిగ్గా చూసి చెప్పు."