విశాఖ నుంచి విమానంలో కత్తుల పెట్టె

కత్తి క్యాబిన్‌లోకి రాదు. మూడు వందలదైనా మూడు లక్షలదైనా అదే మాట. చెక్-ఇన్ లగేజీలో వెళ్తుంది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. అసలు తిప్పలు పెట్టె బెల్టెక్కి మన చేయి దాటాక మొదలవుతాయి. అవసరమనుకుంటే ఎవరో దాన్ని తెరుస్తారు, అప్పుడు మనం పక్కన ఉంటామన్న హామీ లేదు. అందుకే సర్దేది మన కోసం కాదు, ఆ తెరిచే మనిషి కోసం. ఆయన చేయి తెగకూడదు, తీసినవి తీసినట్టే మళ్లీ పెట్టగలగాలి.

తెలుగువాళ్లకు ఈ విద్య మరీ కొత్తేం కాదు. కూతురి పురుడుకి అమెరికా వెళ్లే అమ్మలు ఆవకాయ సీసా పక్కన కత్తిపీటని పాత చీరలో చుట్టి ఎన్నాళ్లుగానో మోస్తూనే ఉన్నారు. పొరపాటల్లా గుడ్డని నమ్మడమే. ఎన్ని మడతలేసినా మొన దాన్ని చీల్చుకుని బయటికొస్తుంది.

సర్దేముందు స్కేలు తీయండి. 2016 ఆయుధ నియమావళిలోని ఐదో వర్గం ప్రకారం అలుగు (పిడి కాక మిగిలిన కోసే భాగం) 9 అంగుళాలకన్నా పొడవున్నా, 2 అంగుళాలకన్నా వెడల్పున్నా ఆ కత్తి ఆయుధాల లెక్కలోకి వస్తుంది. ఇంటి పనికీ, వ్యవసాయానికీ, పరిశ్రమకీ చేసినవాటికి మినహాయింపు ఉంది. కాబట్టి 10 అంగుళాల వంటింటి కత్తికి ఇబ్బంది లేదు, అదే పొడవున్న బౌయీ కత్తి (వేటకీ పోరుకీ వాడే రకం) విషయం వేరు. బాకులూ ఖడ్గాలూ బల్లేలూ ఆ వర్గంలో పేరుతో సహా ఉన్నాయి. ఒక్కోదాని పొడవు, వెడల్పు, వాడకం ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే స్కానర్ దగ్గర వాదన ఉండదు. స్ప్రింగుతో తెరుచుకునేవీ, పిడి రెండుగా విడిపోయి తెరుచుకునే సీతాకోకచిలుక కత్తులూ విదేశానికి వద్దే వద్దు. బ్రిటన్‌లో ఆ రెండూ నిషిద్ధం.

అలుగు చూసినంత శ్రద్ధగా పిడినీ చూడాలి. దంతం, సాంబర్ కొమ్ము ఉంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డొస్తుంది. వందేళ్లు దాటిన కత్తైతే అదే ఏడాది వచ్చిన పురావస్తువుల చట్టం కింద దేశం దాటదు. పాతదిలా కనిపించే కొత్త కత్తికి పురావస్తు శాఖ నుంచి ‘పురావస్తువు కాదు’ అన్న ధ్రువపత్రం ముందే తెచ్చుకోవాలి. విమానం రోజు ఉదయం అయ్యే పని కాదది.

ఇక సర్దడం. తోలు ఒరలో పెట్టి పంపకండి. తోలు శుద్ధి చేసినప్పటి ఆమ్లాలు అందులో మిగిలే ఉంటాయి, పైగా అది తేమ పీలుస్తుంది. ఉక్కుకి తుప్పు, ఇత్తడి బిగింపులకి చిలుము ఖాయం. ఒరలు వేరే సంచిలో పెట్టండి. అంచుకి ప్లాస్టిక్ తొడుగు, లేకపోతే ముడతల అట్టని రెండు పొరలుగా మడిచి టేపు వేయండి. టేపు అట్టకే, అలుగుకి తగలకూడదు. మొనకి సీసా బెరడు బిరడా గుచ్చితే అంతకన్నా మంచి ఏర్పాటు లేదు. ఆపైన తుప్పునిరోధక వీసీఐ కాగితం చుట్టాలి. మడత కత్తులకి రబ్బరు బ్యాండు వేయొద్దు, పిడి మీద వెండి ఉంటే రబ్బరులోని గంధకం దాన్ని నల్లబరుస్తుంది. నూలు నాడా కట్టండి.

గట్టి పెట్టెలో పాలిథిన్ ఫోమ్ వేసి, ఒక్కో కత్తికి సరిపడా గాడి కోసి, మధ్యలో అంగుళం మందం వదలండి. స్పాంజిలాంటి ఫోమ్ పనికిరాదు, నీళ్లు పట్టుకుంటుంది. మూత లోపల గాడుల ఫొటో అంకెలతో అంటిస్తే తెరిచినవాళ్లు ఏది ఎక్కడిదో వెతుక్కోరు. ధరలు మాత్రం రాయకండి! రబ్బరు గాస్కెట్ ఉన్న పెట్టెకి గాలి కవాటం ఉండాలి, లేకపోతే దిగాక మూత బిగుసుకుపోతుంది. ఆ పెట్టెని మామూలు సూట్‌కేసులో దాచి పంపడం ఇంకా నయం. బరువు ఇంటి దగ్గరే తూచండి. దేశీయ టికెట్లలో ఎక్కువగా దొరికేది 15 కిలోలే.

విశాఖ సముద్రపు గాలిలోని ఉప్పు చాలదన్నట్టు మన వేళ్ల చెమట కూడా తోడవుతుంది. 1095 లాంటి కార్బన్ ఉక్కు మీద వేలిముద్ర తెల్లారేసరికి గోధుమరంగు మరకై కూర్చుంటుంది. 12 శాతం దాకా క్రోమియం ఉంది కదా అని డీ2 రకం ఉక్కుని స్టెయిన్‌లెస్ లెక్కలో వదిలేయకండి, దానికీ తుప్పు పడుతుంది. స్పిరిట్‌తో తుడిచి, ఆరాక లిక్విడ్ పారఫిన్ పల్చగా రాయండి. మందుల షాపులోనే దొరుకుతుంది. కొబ్బరినూనె కొన్నాళ్లకి కంపు కొడుతుంది. తుప్పు రాకుండా కొట్టే, మండే ఏరోసోల్ స్ప్రే డబ్బాలు ఏ లగేజీలోనూ పెట్టకూడదు.

కౌంటర్‌లో ‘ఆయుధాలు’ అన్న మాట నోటికి రానీయకండి. ‘కత్తుల సేకరణ, తొడుగులు వేసి సర్దాం’ అంటే చాలు. సూట్‌కేసు స్కానింగ్ దాటేదాకా తాళంచెవితో అక్కడే ఉండండి. సెక్యూరిటీ లోపలికి వెళ్లిపోయాక పిలుపొస్తే వెనక్కి రావడం నరకం. లాప్‌టాప్ బ్యాగు చిన్న జేబులన్నీ ఒకసారి తడమండి. భద్రత చూసే సీఐఎస్ఎఫ్ వాళ్లకి దొరికేది సాధారణంగా సేకరణలోని కత్తి కాదు, అక్కడ మరిచిపోయిన చాకు.

విదేశానికి వెళ్లి కత్తులతోనే తిరిగొచ్చేవాళ్లు కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. లేకపోతే తిరిగొచ్చాక అవి మనవేనని మనమే నిరూపించుకోవాలి. చిక్కల్లా ఒకటే, అధికారి సామాను చూసి రాసిస్తారు. విశాఖలో వేసిన సూట్‌కేసు హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో నేరుగా విదేశీ విమానానికి మారిపోతే చూపించడానికేం ఉండదు. ఆ ఊళ్లో లగేజీ చేతికొచ్చేలా టికెట్లు వేరువేరుగా తీసుకుని, మధ్యలో నాలుగైదు గంటలైనా ఉంచుకోండి.

పరిహారం మీద ఆశ పెట్టుకోకండి. దేశీయ ప్రయాణంలో లగేజీ పోతే ఎయిర్‌లైన్ బాధ్యత 20,000 రూపాయల దాకానే. విలువైన సేకరణకి రవాణా బీమా విడిగా చేయించుకోవాల్సిందే. అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం లగేజీ దెబ్బతింటే అందిన 7 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, ఆలస్యమైతే 21 రోజుల్లో.

జనవరిలో ఢిల్లీ నుంచి విశాఖకి తిరిగొచ్చినప్పుడు ఆత్రపడి పెట్టె తెరవొద్దు. చల్లబడిన ఉక్కుకి ఇక్కడి గాలి తగలగానే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు చెమ్మ పడుతుంది. ఫోమ్ ఉన్న పెట్టె నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి రాత్రంతా మూసే ఉంచి, పొద్దున తీసి, ఒక్కోదాన్నీ పొడి నూలుగుడ్డతో పిడి నుంచి మొన వైపుకి తుడిచి మళ్లీ నూనె రాయండి.