నాన్న ఫోనుకు డప్పు దరువు

మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేసే మా నాన్నకు ఫోను మోగినా వినపడదు కాబట్టి, బతుకమ్మనాడు మా వాడకట్టులో నేను రికార్డు చేసుకున్న డప్పు దరువును కంప్యూటరులో రింగ్‌టోనుగా మలిచాను. ఆడాసిటీ అనే ధ్వని సవరించే సాఫ్ట్‌వేరులో ఫైలు తెరిచి, మొదట్లోని నిశ్శబ్దాన్ని పూర్తిగా కత్తిరించి, దరువు ఊపందుకునే చోటు నుంచి 25 సెకన్లు మాత్రమే ఉంచి, ఎంపీ3గా భద్రపరిచాను. ఆండ్రాయిడ్ ఫోనులో దానిని రింగ్‌టోన్స్ ఫోల్డరులో వేస్తే చాలు. చెల్లెలి ఐఫోనుకైతే ఎం4ఆర్ అనే ఐఫోను రింగ్‌టోను ఫైలు రూపంలోకి మార్చవలసి వచ్చింది. అసలు కిటుకు వేరే ఉంది: ఫోను స్పీకరు చాలా చిన్నది కనుక డప్పులోని మంద్రధ్వని అందులో దాదాపు వినిపించదు, సిటికెన పుల్ల (డప్పు కొట్టే సన్నటి పుల్ల) చేసే పదునైన చప్పుడే మిల్లు రొదను చీల్చుకొని వస్తుంది. అందుకే ధ్వనిలోని హెచ్చుతగ్గు స్వరాలను విడివిడిగా సర్దే ఈక్వలైజరులో మంద్రాన్ని తగ్గించి, ఆ చప్పుడును పెంచాను. మిల్లు గుమాస్తా కూడా అదే కావాలని అడిగాడట.