ఏపీఎల్ కార్డుతో అమ్మకు బైపాస్: బెంగళూరులో నా అనుభవం

హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన మా కుటుంబానికి కర్ణాటక ఏపీఎల్ (దారిద్ర్యరేఖకు ఎగువన ఉన్నవారి) రేషన్ కార్డు ఉంది. నాన్నగారు పోయిన తర్వాత అమ్మ పేరు కూడా అందులోనే చేర్పించాము. అమ్మకు గుండె రక్తనాళాల్లో పూడికలు ఉన్నాయని, బైపాస్ తప్పదని, అయితే కొంత వ్యవధి ఉందని వైద్యులు చెప్పినప్పుడు కర్ణాటక ప్రభుత్వ ఆరోగ్య పథకం ‘ఆయుష్మాన్ భారత్-ఆరోగ్య కర్ణాటక’ కిందనే చేయించాలని నిర్ణయించుకున్నాను. వ్యవధి ఉండడమే మా దారిని మార్చింది. అత్యవసరమైతే పథకంలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో నేరుగా చేరవచ్చు గానీ, లేకపోతే ముందుగా ప్రభుత్వ ఆసుపత్రి నుంచి రెఫరల్ చీటీ తెచ్చుకోవాలి.

మాకు మొదట ఇచ్చిన చీటీలో జబ్బు పేరు ఉంది, సంతకం ఉంది, ముద్ర ఉంది. చేయవలసిన చికిత్స పేరు మాత్రం లేదు. ప్రైవేటు ఆసుపత్రి కౌంటరులో దాన్ని తిప్పి పంపారు. మళ్లీ ఓపీ వరుసలో నిలబడి, ఆ ఒక్క పంక్తి రాయించుకుని వచ్చాను. విసుగు పుట్టిన మాట నిజమే అయినా రెఫరల్ నియమాన్ని నేను తప్పుపట్టను, ఎందుకంటే అది లేకపోతే ప్రభుత్వ ఆసుపత్రిలో జరగగలిగిన చికిత్సలకు కూడా ప్రజల సొమ్ము ప్రైవేటు వారి చేతికి పోతుంది.

అసలు సంగతి ఆసుపత్రిలో పథకం రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర తెలిసింది. 2007లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీని మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మా అనంతపురం ఒకటి కనుక ఆరోగ్యమిత్ర అన్న పేరు మాకు కొత్త కాదు. అక్కడ కూర్చున్న అమ్మాయి కోలారు వైపు తెలుగులో, "ఏపీఎల్ కదా సార్, ప్యాకేజీలో ముప్పై శాతమే గవర్నమెంటు ఇస్తుంది, మిగతాది మీరే కట్టుకోవల్ల" అంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న బీపీఎల్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు ఉచితం. మాకు 30 శాతం, అది కూడా ఏడాదికి లక్షన్నరకు మించకుండా. ఆ శాతాన్ని లెక్కగట్టేది ఆసుపత్రి వేసే బిల్లు మీద కాదు, ఒక్కో చికిత్సకు ప్రభుత్వం నిర్ణయించిన ప్యాకేజీ ధర మీద. ప్యాకేజీ లక్ష రూపాయలైతే ప్రభుత్వం నుంచి వచ్చేది ముప్పై వేలే. మిగిలినదానికి నా పొదుపు కొంత, తమ్ముడు పంపినది కొంత సర్దాము.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఆసుపత్రి వరండాలో కూర్చుని చాలాసేపు ఆలోచించాను. 2018 మార్చిలో కర్ణాటక సొంతంగా ఆరోగ్య కర్ణాటకను ప్రారంభించింది, సెప్టెంబరులో కేంద్రం ఆయుష్మాన్ భారత్ తెచ్చింది, అక్టోబరులో రెండింటినీ కలిపారు. కేంద్రం తన 60 శాతం వాటాను 2011 సామాజిక ఆర్థిక కుల గణన ప్రకారం అర్హులైన కుటుంబాలకే ఇచ్చింది. ఆ జాబితాకు బయట ఉన్న మాలాంటి వారి భారం రాష్ట్ర ఖజానా మీదే పడింది. అందరికీ అని ప్రకటించిన పథకం ఏపీఎల్ దగ్గరకు వచ్చేసరికి చేయి బిగించడానికి కారణం ఇదేనని నాకు అనిపించింది. కేంద్రం, రాష్ట్రం మధ్య ఎవరి పథకం పేరు ముందుండాలన్న వాదులాటలో సగం పట్టుదల వాటాల విషయంలో చూపి ఉంటే బాగుండేది.

ఎన్నికల ప్రసంగాల్లో వినిపించేది మాత్రం ఏడాదికి ఎంత వరకు ఉచితమన్న పరిమితి అంకె. ఆంధ్రలో ఆరోగ్యశ్రీ కింద 2023 డిసెంబరులో దాన్ని 25 లక్షలకు పెంచారు. పరిమితి పెంచడం ప్రభుత్వాలకు చౌక బేరం, ఎందుకంటే అంత ఖర్చు అయ్యే రోగులు కొద్దిమందే. ప్యాకేజీ ధర పెంచితే ప్రతి కేసుకూ అదనంగా చెల్లించాలి. ఉన్న ధరల ప్రకారమే సమయానికి డబ్బు అందక, బకాయిలు ఇవ్వకపోతే సేవలు ఆపేస్తామని అక్కడి ఆసుపత్రుల సంఘాలు హెచ్చరించడం ప్రభుత్వాలు మారినా ఆగలేదు. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి ప్రభుత్వ ఆరోగ్య వ్యయాన్ని జీడీపీలో 2.5 శాతానికి చేరుస్తామంది. 2021-22లో అది 1.84 శాతం.

అనుమతి వచ్చింది, శస్త్రచికిత్స బాగా జరిగింది, అమ్మ ఇప్పుడు వీధి చివరి వరకు నడిచి వస్తోంది. ఇలాంటి పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన చికిత్సకే వర్తిస్తాయి. కేంద్ర పథకం నియమాల్లో కూడా డిశ్చార్జి తర్వాత మందులు 15 రోజుల వరకే. అమ్మ జీవితాంతం వాడవలసిన మాత్రలను తక్కువ ధరకు మందులు అమ్మే జనౌషధి దుకాణంలో దొరికినంత వరకు అక్కడ, దొరకనివి మామూలు మందుల దుకాణంలో పూర్తి ధరకు నెలనెలా కొంటున్నాము.